తంగేళ్లమిట్టలో అన్నీ నిండుకున్నాయి

దేసు చెన్నకేశవులు రాష్ట్ర పౌర సరఫరాల మంత్రి కాకముందు తంగేళ్లమిట్టలో చిల్లరకొట్టు నడిపేవాడు. ఆ కొట్టులో దొరకని వస్తువే ఉండేది కాదని తర్వాత ఎన్నికల కరపత్రాల్లో వేశారు గాని, అది నిజం కాదు. చాలా వస్తువులు దొరికేవి కావు. దొరకవని ఆయన ఎన్నడూ అనలేదు, అంతే.

మన ఇళ్లలో ఆడవాళ్లు బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఉప్పుకి, పసుపుకి, దీపంలో నూనెకి ఆ మర్యాద ఉంది. చెన్నకేశవులు తండ్రి కొట్టులో ఉన్న ప్రతి సరుకుకీ ఆ మర్యాద ఇచ్చాడు. లక్ష్మి మసిలే చోట లేదన్న మాట వినపడకూడదని ఆయన నమ్మకం. కొడుకు ఆ నమ్మకాన్ని ఇంకొంచెం సాగదీశాడు. బ్లేడ్లు నిండుకున్నాయి. టార్చిలైటు బ్యాటరీలు నిండుకున్నాయి. ఎలకల మందు నిండుకుంది. అయితే అలా అన్నాక ఆయన ఊరికే కూర్చునేవాడు కాదు. సైకిలెక్కి మండల కేంద్రానికి పోయి, పొద్దుగూకేలోగా ఆ సరుకు తెచ్చి అడిగినవాళ్ల గడపలో ఇచ్చి వచ్చేవాడు. శెట్టి నిండుకుందన్నాడంటే సాయంత్రానికి వస్తుందని ఊరు అర్థం చేసుకునేది.

ఎన్నికల ముందు ఒక పార్టీ అధ్యక్షుడు పాదయాత్ర చేస్తూ తంగేళ్లమిట్ట మీదుగా వచ్చాడు. దారిపొడుగునా ఉపన్యాసాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాడు. కొట్టు ముందు ఆగి గొంతుబిళ్లలు అడిగాడు.

"నిండుకున్నాయి బాబూ, అట్టా కూర్చోండి" అని చెన్నకేశవులు బల్ల తుడిచాడు. ఆయన భార్య సుబ్బరత్తమ్మ మిరియాలు దంచి, వేడినీళ్లలో పటికబెల్లంతో కలిపి తెచ్చి ఇచ్చింది.

అధ్యక్షుడు తాగాడు. గొంతు కాస్త తెరుచుకుంది. ఆ నియోజకవర్గంలో టిక్కెట్టు కోసం రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ఒకరికి లేదంటే రెండోవారి మీద రాళ్లు పడతాయి. ఆ బాధలో ఉన్న మనిషికి, అడిగింది ఇవ్వకుండానే బల్ల మీద కూర్చోబెట్టి సంతోషపెట్టిన ఈ శెట్టి దేవుడు పంపినవాడిలా కనిపించాడు. అడిగినవన్నీ ఇస్తామనేవాళ్లు పార్టీలో చాలామంది ఉన్నారనీ, ఏమీ ఇవ్వకుండా తృప్తిపరచగల మనిషి కోసం తాను ఇన్నేళ్లుగా వెతుకుతున్నాననీ అనుచరులతో అన్నాడు. టిక్కెట్టు శెట్టికే అంటే, చిల్లరకొట్టు మనిషి తమకు అడ్డమేమిటని రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. ఒప్పుకోనిది సుబ్బరత్తమ్మ ఒక్కతే.

"నీకు అబద్ధమాడటం రాదు, నిజం చెప్పటమూ రాదు. ఆడకి పోయి ఏం చేస్తావు?" అని అడిగింది.

చెన్నకేశవులు దగ్గర దానికి సమాధానం దొరకలేదు. అలాగని లేదనలేడు కాబట్టి నామినేషను వేశాడు. ఆయన సైకిలు తిరగని ఊరు ఆ చుట్టుపక్కల తక్కువ. గెలిచాడు. అధ్యక్షుడు ముఖ్యమంత్రి అయ్యాడు. పౌర సరఫరాల శాఖంటే పెద్ద చిల్లరకొట్టేగా అని ఆ శాఖను ఆయనకిచ్చాడు. సుబ్బరత్తమ్మ తాను రాజధానికి రానని, కొట్టు చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది.

మొదటి సమీక్షా సమావేశం సాయంత్రం మొదలైంది. శాఖ ముఖ్య కార్యదర్శి సోమయాజులు గారు నివేదిక చదివారు. గోదాముల్లో కందిపప్పు లేదు. గోనెసంచులు లేవు. తూకం వేసే సిబ్బంది లేరు. ఉన్న కాటాలకు రాళ్లు లేవు. ఒక్కో మాట వినపడినప్పుడల్లా చెన్నకేశవులు కుర్చీలో కొంచెం కొంచెం ముడుచుకుపోయాడు. బయట వీధిదీపాలు వెలిగాయి.

"అయ్యా, సందెవేళ లేదు లేదు అనకండి. నిండుకుందనండి" అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు.

సోమయాజులు గారు ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ మంత్రి నోటినుంచి వచ్చిన మాటనూ కింద పడనివ్వలేదు. నోట్ చేసుకున్నారు. మర్నాటికి అది విధాన నిర్ణయమైంది. వారంలోగా అన్ని శాఖలకూ ఉత్తర్వు వెళ్లింది.

"ప్రజలతో జరుపు సమస్త ఉత్తరప్రత్యుత్తరములయందును, మౌఖిక సంభాషణలయందును 'లేదు', 'లేవు', 'లేరు', 'అయిపోయినది', 'ఖాళీ' మున్నగు నిరాశాజనక పదములను తక్షణమే నిలిపివేసి, వాని స్థానమున 'నిండుకొన్నది' అను శుభకర పదమును విధిగా వాడవలెను" అని అందులో ఉంది. ముసాయిదా చివర 'ఇందుకు ఎట్టి మినహాయింపు లేదు' అని ఉండింది. ఉత్తర్వే ఉత్తర్వును ఉల్లంఘిస్తే బాగుండదని సోమయాజులు గారు స్వహస్తాలతో దిద్ది, 'మినహాయింపులు నిండుకొన్నవి' అని మార్చారు.

ముఖ్యమంత్రికి ఇది తెగ నచ్చింది. ఖర్చు లేకుండా రాష్ట్రంలో కొరత అనేది కనపడకుండా పోయే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తట్టలేదని మంత్రివర్గంలో మెచ్చుకున్నాడు. దానికి 'నిండు పాలన' అని పేరు పెట్టారు. గుమాస్తాలకు శిక్షణ తరగతులు పెట్టారు. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే ముందు చిరునవ్వు, తర్వాత నమస్కారం, ఆ తర్వాత నిండుకున్నదనే మాట, ఈ వరసలో నేర్పించారు.

అమలు చురుగ్గా సాగింది. ఒక పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ సెలవు పెడితే, గది ముందు 'డాక్టరు గారు నిండుకున్నారు' అని బోర్డు పెట్టారు. ఆవిడకు నెలలు నిండాయనుకుని చుట్టుపక్కల ఆడవాళ్లు గాజులు, చలిమిడి పట్టుకొచ్చారు. బస్టాండులో కండక్టర్లు ఖాళీ అని అరవకూడదు కాబట్టి, ఖాళీ బస్సు దగ్గర నిలబడి సీట్లు నిండుకున్నాయని అరిచారు. జనం ఎక్కలేదు. అన్ని బస్సులూ నిండుకునే తిరుగుతున్నాయని నివేదికలు పోయి, ఆ డిపోకు షీల్డు వచ్చింది. ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు రెండేళ్లుగా నిండుకునే ఉన్నారు గనక, అక్కణ్నుంచి ఒకరిని వేరే బడికి సర్దుబాటు చేయాలని ఆదేశం వచ్చింది. సర్దటానికి మనిషి దొరక్క హెడ్మాస్టరు తానే వెళ్లిపోయాడు.

జిల్లాల నుంచి వచ్చే నివేదికలన్నిటినీ రాజధానిలో ఒక కంప్యూటరు కూడేది. దాన్ని తయారుచేసిన కుర్రాళ్లు వేరే రాష్ట్రంవాళ్లు. నిండటానికీ నిండుకోవటానికీ తేడా ఏమిటని వాళ్లు ముందే అడిగారట. తేడా ఉందో లేదో చెప్పాలంటే నిషిద్ధపదం వాడాల్సి వస్తుందని శాఖ మౌనం వహించింది. దాంతో కంప్యూటరు రెంటినీ ఒకే గడిలో వేసుకుంది. గోదాములన్నీ నిండుగా కనిపించాయి. నిండిన గోదాముకు ఇంకా సరుకెందుకని కొనుగోళ్లు ఆపేశారు.

చెన్నకేశవులు మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఒక రోజు సోమయాజులు గారిని పిలిచి, నిండుకుందంటున్నారు సరే, మరి తెచ్చేది ఎప్పుడని అడిగాడు.

"తెచ్చుట అను అంశము ఉత్తర్వు పరిధిలో నిండుకొన్నది సార్" అన్నారాయన నమస్కారం చేసి.

ఆ వేసవిలో తంగేళ్లమిట్ట చెరువు ఎండింది. ఊరికి మంచినీళ్లు ఆ చెరువునుంచే. బోర్లలో ముందు బురద, తర్వాత గాలి వచ్చింది. సుబ్బరత్తమ్మ ఫోను చేసి, బిందెలు పట్టుకుని ఆడవాళ్లు పక్కూరికి నడుస్తున్నారనీ, పక్కూరివాళ్లు కొట్టటానికి వస్తున్నారనీ చెప్పింది. చెన్నకేశవులు వెంటనే ట్యాంకర్లు పంపమన్నాడు. ఫైలు తిరిగి వచ్చింది. సదరు చెరువు నిండుకొన్నట్లు క్షేత్రస్థాయి నివేదిక ఉన్నదనీ, నిండిన చెరువుగల గ్రామమునకు నీటిని తరలించిన ఆడిటు అభ్యంతరము వచ్చుననీ అందులో రాశారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఎండిన చెరువు పూర్తిగా నిండుకుంటుంది కాబట్టి, కంప్యూటరు లెక్కలో తంగేళ్లమిట్ట చెరువు రాష్ట్రంలోకెల్లా ఎక్కువ నిండిన చెరువైంది. విపత్తుల శాఖ ముంపు హెచ్చరిక చేసింది. రోహిణి ఎండలో రెండు పడవలు లారీ మీద వచ్చాయి. వాటిని ఎక్కడ దించాలో తెలియక రచ్చబండ దగ్గర బోర్లించారు. వాటి నీడలో మేకలు పడుకున్నాయి. ఇంత కరవుకాలంలో ఇంతగా నిండిన చెరువుకు హారతి ఇవ్వాలని ముఖ్యమంత్రి నిర్ణయించాడు. స్థానికుడు గనక ఆ పుణ్యం చెన్నకేశవులు చేతికే అప్పగించాడు.

ఆయన పట్టుచీర, పసుపు కుంకుమ పట్టుకుని కట్ట ఎక్కేసరికి, చెరువులో పగుళ్లు బారిన నేల కనపడింది. ఒక మూల గొయ్యి తవ్వి, పట్టా పరిచి, రెండు ట్యాంకర్ల నీళ్లు పోశారు. హారతి ప్రతిబింబం నీళ్లలో పడితేనే ఫొటో బాగుంటుందని సమాచార శాఖవాళ్లు చెప్పారట. ఆ గొయ్యి చుట్టూ పోలీసులు నిలబడ్డారు. వాళ్ల వెనక ఊరి ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. ఎవరూ గొడవ చేయటం లేదు. నీళ్లవైపే చూస్తున్నారు.

అందరికంటే ముందు గొర్లకాపరుల గురవమ్మ ఉంది. చెన్నకేశవులు తాత కొట్టులో ఉన్నప్పటి నుంచీ ఉప్పు కొన్న మనిషి.

"శెట్టీ, పూజయినాక ఆ నీళ్లు మాకు పోస్తారా, మళ్లా ట్యాంకర్లోకి ఎత్తుకుపోతారా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది.

చెన్నకేశవులు పక్కనున్న అసిస్టెంటు ఇంజనీరు ఖాసిం వైపు తిరిగి, చెరువులో నీళ్ల సంగతేమిటన్నాడు. ఖాసిం ఆ ఊళ్లో నాలుగేళ్లుగా పని చేస్తున్నాడు. ఆడవాళ్ల వైపు చూడలేక నేలకేసి చూస్తూ, "నిండుకున్నాయి సార్" అన్నాడు.

తన మాట తనకే అలా తిరిగొస్తుందని ఆయన అనుకోలేదు. కొట్టులో ఆ మాట అన్నాక చెయ్యి సైకిలు హ్యాండిలు మీదికి పోయేది. ఇక్కడ అందరి చేతులూ నమస్కారంలో ఉన్నాయి. హారతి పళ్లెం కింద పెట్టి మైకు తీసుకున్నాడు.

"నీళ్లు లేవు" అన్నాడు.

కట్ట మీద ఉన్న అధికారులు ఉలిక్కిపడ్డారు. ఆయనకు కూడా ఆ మాట నోరు తిరగలేదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనటం. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "మన చెరువులో నీళ్లు లేవు. గోదాములో పప్పు లేదు. ఆసుపత్రిలో మందులు లేవు. అమ్మా, ముందు ఆ గుంటలో నీళ్లు ముంచుకోండి."

పోలీసులు ఎవరి ఆజ్ఞ కోసమో వెనక్కి చూసేలోగా ఆడవాళ్లు గుంటలో దిగారు.

మర్నాడే ఆయనకు సంజాయిషీ నోటీసు వచ్చింది. నిషిద్ధపదాన్ని బహిరంగ స్థలంలో, అదీ ధ్వనివర్ధకం ద్వారా, పలుమార్లు వాడినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని ఉంది. ముఖ్యమంత్రి పిలిపించి మెత్తగానే మాట్లాడాడు. తానన్నది నీళ్ల గురించి కాదనీ, పూజావేళ మనసు పొంగి అర్థం తలకిందులైందనీ ఒక్క ప్రకటన ఇస్తే చాలన్నాడు. చెన్నకేశవులు ప్రకటన ఇవ్వలేదు. నీళ్లెప్పుడు పంపుతారని మాత్రం అడిగాడు. ఆ సాయంత్రం గెజెట్టులో 'పౌర సరఫరాల మంత్రి నిండుకొన్నారు' అని పడింది. ఆయన బస్సెక్కి ఊరొచ్చి కొట్టులో కూర్చున్నాడు. సుబ్బరత్తమ్మ అన్నం పెట్టింది.

అయితే ఆ రభస వల్ల ఒక మేలు జరిగింది. నీటిపారుదల శాఖ ఆలోచనలో పడి, ఒక సవరణ సర్క్యులరు పంపింది. ఏ చెరువు నిండినట్లు గాని నిండుకొన్నట్లు గాని సమాచారం వచ్చినా, దానిని ఎండినదిగానే గ్రహించి, సమాచారపు తీవ్రతను బట్టి నీటి ట్యాంకర్లను పంపవలెనని అందులో రాశారు. మొదటి దఫా ట్యాంకర్లు వచ్చాయి. ఊరు గొంతు తడుపుకుంది.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. మూడేళ్లుగా బాకీ ఉన్న వాన అంతా ఒక్కసారి కురిసింది. చెరువు నిండింది. తెల్లవారేసరికి అలుగు మీద మనిషెత్తున నీళ్లు పోతున్నాయి. కట్ట ఒకచోట కుంగటం చూసి ఖాసిం వానలో తడుస్తూ జిల్లా కార్యాలయానికి ఫోను చేశాడు. చెరువు నిండిందనీ, పూర్తిగా నిండిందనీ, ఇంత నిండటం తానెప్పుడూ చూడలేదనీ, మనుషుల్ని దాటించే సాయం పంపమనీ అరిచాడు. అవతల గుమాస్తా సర్క్యులరు తీసి చూశాడు. ఇంత తీవ్రమైన సమాచారం ఆ కార్యాలయానికి ఇంతకుముందు రాలేదు. జిల్లాలో ఉన్న ట్యాంకర్లన్నిటినీ తంగేళ్లమిట్టకు తరలించమన్నాడు.

పడవలు ఉన్నాయి గదా అంటే, ఆ వేసవిలోనే వాటి చెక్కలు ఎండకు విచ్చుకున్నాయి. ఊరికీ ఎత్తున ఉన్న హైస్కూలుకీ మధ్య వాగు నడుము దాటి పారుతోంది. ముసలివాళ్లను, బాలింతలను ఎలా దాటించాలా అని చెన్నకేశవులూ ఖాసిమూ ఒడ్డున నిలబడి ఉండగా, రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ లారీలు బారులు తీరి కనిపించాయి. ముందు లారీ డ్రైవరు బాజీ కిటికీలోంచి తల బయటపెట్టి వాగును, మునిగిన ఇళ్లను చూశాడు.

"నీళ్లు యాడ పోయమంటారు?" అని అడిగాడు.

ఆ క్షణంలో ఎవరికీ నవ్వు రాలేదు. చెన్నకేశవులు లారీ చుట్టూ తిరిగి చూశాడు. మూటలు మోసిన మనిషి కాబట్టి బరువు సంగతి ఆయనకు తెలుసు. "పోయొద్దు నాయనా. లోపల అట్టానే ఉండనీ. ఆ బరువుకే బండి నిలబడుద్ది" అన్నాడు.

మామూలు బండైతే వాగు ఎత్తుకుపోయేదే. నిండా నీళ్లున్న లారీలు మెల్లగా, దున్నపోతుల్లా వాగులో దిగాయి. ట్యాంకుల మీద, మెట్ల మీద, ముందు క్యాబిన్లలో జనాన్ని ఎక్కించారు. గురవమ్మ తన గొర్రెపిల్లను దించనంటే దాన్నీ ఎక్కించారు. లారీలు మధ్యాహ్నం దాకా తిరిగాయి. సుబ్బరత్తమ్మ కొట్టులో ఉన్న అటుకులు, బెల్లం అంతా మూటగట్టుకుని చివరి బండిలో వచ్చింది. వాళ్లు గట్టెక్కిన కాసేపటికి కట్ట తెగింది. కొట్టు గోడలతో సహా కొట్టుకుపోయింది. చెన్నకేశవులు హైస్కూలు వరండాలోంచి అది చూశాడు. సుబ్బరత్తమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

అందరూ ఉన్నారా అని బడి గదుల్లో తిరిగి చూశారు. అందరూ ఉన్నారు.

తహసీల్దారు ప్రమీలారాణి ఆ సంగతి పైకి తెలపాలి. ప్రాణనష్టం లేదని రాయకూడదు. నిబంధన ప్రకారం 'గ్రామమున ప్రాణనష్టము నిండుకొన్నది' అని రాసి పంపింది. పంపాక గాని, రాజధానిలో అది ఎలా చదువుతారో ఆమెకు తట్టలేదు. అప్పటికే ఆలస్యమైంది. ముఖ్యమంత్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడనీ, సంతాపం ప్రకటించాడనీ, స్వయంగా పరామర్శకు వస్తున్నాడనీ కబురొచ్చింది. ఆయనకంటే ముందే పుష్పగుచ్ఛాలతో ఒక వ్యాను కూడా వచ్చింది.

ఆమె చెన్నకేశవులు దగ్గరికొచ్చి కూర్చుంది. సామూహిక సంతాప సభ ఏర్పాటు చేయమన్నారనీ, మృతుల బంధువులను ముందు వరుసలో కూర్చోబెట్టాలనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోతే నడిచే ఇల్లు కాదు.

"ఎవరూ పోలేదని చెప్పు తల్లీ" అన్నాడు ఆయన.

"ఆ మాట నేను అనకూడదండీ."

"నేనంటాలే. నా దగ్గర ఊడేదానికింకేమీ లేదు."

ముఖ్యమంత్రి హెలికాప్టరు హైస్కూలు మైదానంలో దిగింది. ఆయన నల్లబ్యాడ్జీ పెట్టుకుని, తలవంచుకుని నడిచి వచ్చాడు. వెనకే సోమయాజులు గారు సంతాప తీర్మానం పట్టుకుని వచ్చారు. ముందు వరుసలో గురవమ్మ గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖ్యమంత్రి ఆమె ముందు మోకాలి మీద వంగి, చేతులు పట్టుకుని, ఎవరిని పోగొట్టుకున్నావమ్మా అని అడిగాడు.

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. కొడుకు, కోడలు, మనవరాళ్లు వరసగా ఉన్నారు.

"మా ఇంట్లో ఎవురూ పోలేదయ్యా" అంది.

ఆయన పక్క మనిషి దగ్గరికి జరిగాడు. మా ఇంట్లోనూ ఎవరూ పోలేదని అతను చెప్పాడు. ఆ పక్కన బాలింత, మా ఇంట్లోనూ పోలేదంది. అలా ఆ మాట వరస వెంబడి నడుస్తూ, గదుల్లోకి, వరండాల్లోకి పాకింది. కొందరు నవ్వుతూ అన్నారు, కొందరు కళ్లు తుడుచుకుంటూ అన్నారు. చెన్నకేశవులు అనబోయేసరికి ఆయన వంతు దాటిపోయింది. ముఖ్యమంత్రి లేచి నిలబడి ఛాతీ మీది బ్యాడ్జీని చేత్తో కప్పుకున్నాడు. సోమయాజులు గారు తహసీల్దారు వైపు తిరిగి, పరిస్థితిని ఉత్తర్వుల కనుగుణమైన పరిభాషలో వెంటనే నివేదించవలసిందన్నారు.

ప్రమీలారాణి లేచి నిలబడింది. ఉదయంనుంచి తన చేత్తో లెక్కపెట్టి గదుల్లో సర్దిన ఆ మనుషులందరినీ ఒకసారి చూసింది.

"లేరండీ" అంది. "చనిపోయినవాళ్లు లేరు."

సోమయాజులు గారికి వినపడలేదేమోనని ఆమె ఇంకోసారి గట్టిగా అంది.